కుదుపులొస్తే ముందు కూర్చోవాల్సింది మీరే

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఎల్బీనగర్‌కు పొద్దున పూట బస్సులో వచ్చేవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. హయత్‌నగర్ దగ్గర డ్రైవర్ సడన్‌గా బ్రేకేస్తే సీట్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు ఊగి, మళ్లీ ఫోన్‌లో పడిపోతారు. నిలబడ్డవాళ్లే ఒకరి మీద ఒకరు తూలుతారు. మరి కండక్టర్? ఒక చేతిలో టికెట్ మిషను, ఇంకో చేతిలో చిల్లర. అయినా పడరు. నడుము సీటు అంచుకు ఆనించి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడతారు. ఆ నిలబడే పద్ధతి బస్సే నేర్పిస్తుంది.

విమానంలో ఆ కండక్టర్ లాంటి స్థానం క్యాబిన్ క్రూది. అందరూ కూర్చుని ఉంటే నిలబడి పని చేసేది వాళ్లే. కాకపోతే బస్సు కుదుపు ముందుకీ వెనక్కీ ఉంటుంది, విమానం కుదుపు పైకీ కిందికీ ఉంటుంది. అక్కడ నడుము ఆనిస్తే సరిపోదు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎదురుగా కోచింగ్ బోర్డులు ఎన్నో. బ్యాంకులు, గ్రూప్స్, డీఎస్సీ మధ్యలో అక్కడక్కడా ఏవియేషన్ బోర్డు కూడా కనిపిస్తుంది. స్కార్ఫ్ కట్టుకుని నవ్వుతున్న అమ్మాయి, వెనక నీలి ఆకాశం, ఇంటర్ పాసైతే చాలు అన్న మాట. లోపలికి వెళ్లి అడిగితే గ్రూమింగ్, ఇంగ్లిష్, నడక, మేకప్, ఇంటర్వ్యూ టిప్స్ గురించి గంటసేపు చెబుతారు. టర్బులెన్స్ గురించి అడిగి చూడండి. ‘అదేం లేదమ్మా, అలవాటైపోతుంది’ అనే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ.

అలవాటైతే అవుతుంది. అయితే ఈ ఉద్యోగంలో ఒంటికి దెబ్బ తగిలే పెద్ద కారణాల్లో అదొకటి. అప్లికేషన్ పెట్టేముందే దాని గురించి తెలుసుకుని ఉంటే ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది, తర్వాత గాల్లోనూ పనికొస్తుంది.

నలుగురిలో ముగ్గురు

2022 మే 1, ఆదివారం సాయంత్రం. ముంబై నుంచి పశ్చిమబెంగాల్‌లోని దుర్గాపూర్‌కు స్పైస్‌జెట్ బోయింగ్ 737 విమానం బయల్దేరింది. అందులో మొత్తం 195 మంది ఉన్నారు. ఇద్దరు పైలట్లు, నలుగురు క్యాబిన్ క్రూ, మిగతా 189 మంది ప్రయాణికులు. దుర్గాపూర్‌లో దిగడానికి కిందికి వస్తుండగా విమానం తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకుంది. ఆటోపైలట్ రెండు నిమిషాల పాటు పని చేయకుండా పోయింది. అంతసేపూ పైలట్లు చేత్తోనే నడిపారు. విమానం క్షేమంగానే దిగింది. లోపల మాత్రం తలలు, వెన్నెముకలు, భుజాలు, ముఖాలు దెబ్బతిన్నాయి. గాయపడ్డ ప్రయాణికుల్లో ఒకరు కొన్ని నెలల తర్వాత చనిపోయారు.

డీజీసీఏ చెప్పిన లెక్క ప్రకారం గాయపడ్డవాళ్లు 14 మంది ప్రయాణికులు, ముగ్గురు క్యాబిన్ క్రూ. పైపైన చూస్తే ప్రయాణికులే ఎక్కువ అనిపిస్తుంది. ఒక్కసారి భాగించి చూడండి. ప్రయాణికుల్లో 189కి 14 అంటే ఏడు శాతం చిల్లర. క్రూలో నలుగురికి ముగ్గురు. అంటే 75 శాతం.

ఇది ఒక్క విమానంలో జరిగిన వింత కూడా కాదు. 2009 నుంచి 2022 వరకు అమెరికా విమానాల్లో కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడ్డవాళ్లు 163 మంది అని అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్క తేల్చింది. వాళ్లలో ప్రయాణికులు 34 మందే, మిగతా 129 మంది సిబ్బంది. ప్రతి విమానంలో ప్రయాణికులు వందల్లో ఉంటారు, సిబ్బంది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అయినా గాయాల్లో సింహభాగం వాళ్లదే.

అర సెకను కూడా పట్టదు

కారణం పెద్ద రహస్యమేం కాదు. దుర్గాపూర్ విమానంలో బరువు ఒత్తిడి ప్లస్ 2.64 జీ నుంచి మైనస్ 1.36 జీ వరకు మారిందని డీజీసీఏ చెప్పింది. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. మామూలుగా నేల మీద నిలబడితే మనకు తెలిసేది ఒక జీ. సున్నా అయితే తేలిపోతాం. మైనస్ అంటే విమానం మన కన్నా వేగంగా కిందికి పోతోందని అర్థం. బెల్టు ఉన్నవాళ్లను బెల్టు పట్టుకుని కిందికి లాగుతుంది. బెల్టు లేని మనిషి ఉన్నచోటే ఆగిపోతే సీలింగే వచ్చి తలకు తగులుతుంది. బోయింగ్ 737 నడవాలో సీలింగ్ ఎత్తు ఏడడుగుల చిల్లర. అయిదడుగుల మూడంగుళాల అమ్మాయి తలకూ దానికీ మధ్య రెండడుగులు కూడా ఉండదు. ఆ దూరం దాటడానికి అర సెకను కూడా పట్టదు.

అసలు గాయం చాలాసార్లు ఆ తర్వాత అవుతుంది. మైనస్ నుంచి ప్లస్‌కు మారగానే రెండున్నర రెట్ల బరువుతో కిందపడతారు. మడమ దగ్గర ఎముక విరగడం, వెన్నుపూస నలగడం ఎక్కువగా అక్కడే. పక్కన ట్రాలీ ఉంటే ఇంకా కష్టం. నిండా సర్దిన భోజనం ట్రాలీ ఒక మనిషి బరువుకు తక్కువ ఉండదు. అదీ మీతోపాటే లేస్తుంది, మీతోపాటే పడుతుంది. దాని మీద వేడినీళ్ల కెటిల్ ఉంటే చెప్పక్కర్లేదు.

ఇందులో తోక భాగం మరీ చెడ్డది. విమానం ఊగేటప్పుడు మధ్య భాగం కన్నా వెనక చివర ఎక్కువ ఎగిరిపడుతుంది. మన బస్సులో ఆఖరి సీటు లాగే. విచిత్రం ఏమిటంటే వంటసామాన్లు, ట్రాలీలు సర్దుకునే వెనక గ్యాలీ ఉండేది సరిగ్గా అక్కడే. కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువగా అప్పగించే పనీ అక్కడే ఉంటుంది.

మబ్బు కనపడితే సరే, కనపడకపోతే?

ఏప్రిల్, మే నెలల్లో మన పేపర్లలో ‘క్యుములోనింబస్ మేఘాలతో ఉరుములు మెరుపులు’ అన్న వార్త చూస్తూనే ఉంటారు. మధ్యాహ్నం దాకా మండే ఎండ, సాయంత్రానికి ఈదురుగాలి, వడగళ్లు. ఎల్బీనగర్‌లో హోర్డింగు ఊగినప్పుడు శంషాబాద్‌లో దిగాల్సిన విమానం పైన చక్కర్లు కొడుతుంటుంది. బెంగాల్‌లో ఇవే గాలివానలను కాలబైశాఖి అంటారు. దుర్గాపూర్ ఘటన జరిగిందీ ఆ సీజన్లోనే. ఇలాంటి మేఘాల్లో నీటి చుక్కలుంటాయి కాబట్టి విమానం ముక్కులో ఉండే రాడార్ వాటిని పసిగడుతుంది. పైలట్ పక్కకు తప్పించగలడు, ముందుగా క్రూను కూర్చోబెట్టగలడు.

క్లియర్ ఎయిర్ టర్బులెన్స్ అలా కాదు. ఆకాశం తేటగా ఉంటుంది, కిటికీలోంచి ఎండ పడుతుంటుంది. బాగా ఎత్తులో వేగంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలుల అంచుల్లో పొరలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. నీటి చుక్కల్లేవు కాబట్టి రాడార్‌కు కనపడదు. బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో చెప్పిన లెక్క ఒకటుంది. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక ప్రదేశంలో ఏడాదికి తీవ్రమైన క్లియర్ ఎయిర్ టర్బులెన్స్ 1979లో 17.7 గంటలుండేది, 2020 నాటికి 27.4 గంటలైంది. 55 శాతం పెరుగుదల. భూతాపం పెరిగేకొద్దీ జెట్ స్ట్రీమ్‌లో గాలి వేగాల తేడాలు పెరగడమే కారణమని వాళ్లు చెబుతున్నారు. అంటే మీరు రేపు చేరబోయే ఉద్యోగంలో ఈ రిస్క్ మీ సీనియర్లు చేరినప్పటి కన్నా ఎక్కువ.

గల్ఫ్ ఎయిర్‌లైన్స్ మీద కన్నేసినవాళ్లు ఇది కూడా చూడండి. 2024 మే 26న దోహా నుంచి డబ్లిన్‌కు వెళ్తున్న ఖతార్ ఎయిర్‌వేస్ విమానం తుర్కియే మీదుగా పోతూ కుదుపుల్లో పడింది. 12 మందికి గాయాలు. ఆరుగురు ప్రయాణికులు, ఆరుగురు క్రూ.

దానికి అయిదు రోజుల ముందు, మే 21న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం ప్రపంచమంతటా వార్తయింది. లండన్ నుంచి సింగపూర్ వెళ్తూ మయన్మార్ మీద 37 వేల అడుగుల ఎత్తులో ఉండగా, టిఫిన్ వడ్డిస్తున్న సమయంలో కుదుపులు మొదలయ్యాయి. 73 ఏళ్ల ప్రయాణికుడు చనిపోయారు. ఎంతోమంది గాయపడ్డారు. విమానాన్ని బ్యాంకాక్‌కు మళ్లించారు. ప్రాథమిక దర్యాప్తు ప్రకారం 4.6 సెకన్లలో విమానం 178 అడుగులు పడిపోయింది. సీట్ బెల్ట్ సైన్ టింగుమన్న చప్పుడుకూ ఆ పతనం మొదలవడానికీ మధ్య దొరికింది ఎనిమిది సెకన్లు.

ఎనిమిది సెకన్లలో ఏం చేస్తారు?

ఇక్కడ చదవడం ఆపి ఎనిమిది లెక్కపెట్టండి. మీరు నడవా మధ్యలో, పదిహేనో వరుస దగ్గర ట్రాలీతో ఉన్నారు. చేతిలో వేడి కాఫీ. మీ జంప్ సీటు వెనక తలుపు పక్కన, పది మీటర్లకు పైనే దూరం. మధ్యలో ఒకాయన లేచి బాత్రూంకు పోతున్నాడు. ట్రాలీని వెనక్కి తోసుకుంటూ అక్కడికి చేరగలరా?

చేరలేరు. అందుకే ట్రైనింగులో చెప్పేది ఒకటే. టైం లేనప్పుడు మీ సీటు దాకా పోవద్దు, ఉన్నచోటే కూర్చోవాలి. వేడి పాత్ర నేల మీద పెట్టాలి, ట్రాలీ బ్రేకు తొక్కాలి, పక్కన ఖాళీ సీటుంటే అందులో కూర్చుని బెల్టు పెట్టుకోవాలి. సీటు లేకపోతే నేల మీదే కూర్చుని, సీటు కింది లోహపు కాలు పట్టుకోవాలి. ప్రయాణికులను సాయం అడగొచ్చు. వాళ్లు మిమ్మల్ని చేత్తో పట్టుకున్నా అదేం తప్పు కాదు.

చదవడానికి తేలిగ్గానే ఉంది. చేయడం ఎందుకు కష్టమో చెప్తాను. మనల్ని చిన్నప్పటి నుంచి పెంచిన తీరు వేరు. పదిమంది ఇంటికొస్తే అందరూ తిన్నాకే మనం కూర్చోవాలి. మధ్యలో కూర్చుంటే ‘పని దొంగ’ అంటారు. దానికితోడు కస్టమర్‌కు ఎప్పుడూ నో చెప్పకూడదన్న గ్రూమింగ్ క్లాసు. ఉద్యోగంలో చేరిన కొత్త, ప్రొబేషన్, పక్కన సీనియర్. 12సీలో ఒకాయన ‘నా టీ ఏమైంది?’ అని మూడోసారి అడుగుతున్నాడు. అప్పుడు ఇరవై ఒకటేళ్ల అమ్మాయి ‘సారీ సర్, ఇప్పుడు నేను కూర్చోవాలి’ అని అందరి ముందు నేల మీద కూర్చోగలదా? ఈ ఉద్యోగంలో ఇంగ్లిష్ కన్నా, నడక కన్నా కష్టమైన పాఠం అదే అని నాకనిపిస్తుంది. అబ్బాయిలకైనా అంతే. కాకపోతే వాళ్లు ‘నాకేం కాదులే’ అనుకుని నిలబడిపోతారు.

పడిపోయిన క్రూ ఎవరికీ సాయం చేయలేరు. భారత నిబంధనల ప్రకారం 50 సీట్లకు ఒకరు చొప్పున క్రూ ఉండాలి. 180 సీట్ల విమానంలో నలుగురు. అందులో ముగ్గురు పడిపోతే, తల పగిలిన ప్రయాణికుడికి కట్టు కట్టేదెవరు? పొగ వస్తే తలుపు తెరిచేదెవరు? వడ్డించడానికి మాత్రమే అయితే ఇంతమందిని పెట్టాలని చట్టం చెప్పదు. ఇంటర్వ్యూలో ‘క్యాబిన్ క్రూ పని ఏమిటి?’ అని అడిగితే చాలామంది చిరునవ్వు, ఆతిథ్యం అంటూ మొదలుపెడతారు. మీరు భద్రత నుంచి మొదలుపెట్టండి. ‘కుదుపులొస్తే ఏం చేస్తారు?’ అంటే ‘ముందు నేను కూర్చుంటాను, ఆ తర్వాత కూర్చున్నచోటి నుంచే ప్రయాణికులకు గట్టిగా చెబుతాను’ అనండి.

కంపెనీలకూ ఈ సంగతి అర్థమవుతోంది. ఆ ప్రమాదం తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ సీట్ బెల్ట్ సైన్ వెలిగితే వేడి పానీయాలే కాదు, భోజనం వడ్డించడం కూడా ఆపేయిస్తోంది. కొరియన్ ఎయిర్ 2024 జులై నుంచి దూర ప్రయాణాల్లో ల్యాండింగ్‌కు 20 నిమిషాల ముందు కాకుండా 40 నిమిషాల ముందే సర్వీసు ముగిస్తోంది. ఆగస్టు నుంచి ఎకానమీలో వాళ్లకెంతో ఇష్టమైన వేడి నూడుల్స్ కప్పే తీసేసింది. అమెరికాలో సౌత్‌వెస్ట్ 2024 డిసెంబర్ నుంచి 10 వేల అడుగులకు బదులు 18 వేల అడుగుల దగ్గరే క్రూను పని ఆపమంటోంది. కుదుపులు ఎక్కడున్నాయో విమానాలు ఒకదానికొకటి చెప్పుకునే ఐఏటీఏ వ్యవస్థలో 2025లో ఎయిర్ ఇండియా చేరింది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఆ ఎయిర్‌లైన్ ఈ విషయంలో ఏం మార్చిందో ఒకసారి వెతికి చూసుకోండి.

లెక్కలోకి రాని నొప్పి

పైన చెప్పిన అంకెల్లో ‘తీవ్ర గాయం’ అన్న మాటకు కచ్చితమైన అర్థం ఉంది. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం ఏడు రోజుల్లోపు ఆసుపత్రిలో చేరి 48 గంటలకు పైగా ఉండాలి, లేదా ఎముక విరగాలి. వేళ్లు, ముక్కు మామూలుగా విరిగితే లెక్కలోకి రావు. లోపలి అవయవాలకు దెబ్బ, పెద్ద కాలిన గాయాలు లాంటివి వస్తాయి. మనదేశంలోనూ దర్యాప్తుకు ఇదే కొలత.

మరి నడుం పట్టేసి రెండు నెలలు వంగలేకపోతే? భుజం జారి, మళ్లీ ట్రాలీ తోయడానికి భయమేస్తే? అవి ఆ లెక్కలో ఉండవు. ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. చాలా ఎయిర్‌లైన్స్‌లో జీతం రెండు ముక్కలుగా ఉంటుంది. ఫిక్స్‌డ్ కొంత, ఎగిరిన గంటలను బట్టి వచ్చేది కొంత. మెడికల్‌గా అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చుంటే రెండోది ఆగిపోతుంది. అందుకే కొత్తవాళ్లు నొప్పి దాచి డ్యూటీకి వెళ్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. చిన్న దెబ్బైనా అదే రోజు రాతపూర్వకంగా రిపోర్ట్ చేయండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత ఎంఆర్ఐలో డిస్క్ సమస్య బయటపడితే, అది ఎప్పటిదో చెప్పడానికి ఆ కాగితం ఒక్కటే ఆధారం.

డ్యూటీలో గాయపడితే పరిహారం మీ హక్కు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో విమాన సిబ్బంది ప్రస్తావన నేరుగానే ఉండేది. ఇప్పుడు ఆ అంశాలన్నీ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్లాయి.

సంతకం పెట్టేముందు

ఆఫర్ లెటర్ చేతికొచ్చిన ఆనందంలో చివరి పేజీలు చదివేవాళ్లు తక్కువ. స్వీట్లు పంచడం ఒక పూట ఆపి వాటిని చదవండి. గాయం వల్ల విమానం ఎక్కలేకపోతే జీతం ఎంత ఇస్తారు, ఎన్నాళ్లు ఇస్తారు? మెడికల్ ఇన్సూరెన్సులో ఫిజియోథెరపీ ఉందా, లేక ఆసుపత్రిలో చేరితేనా? ట్రైనింగ్ బాండ్ ఉంటే, అనారోగ్యంతో మానేయాల్సి వచ్చినా ఆ డబ్బు కట్టించుకుంటారా? శాశ్వతంగా అన్‌ఫిట్ అయితే గ్రౌండ్ స్టాఫ్‌లో ఉద్యోగం ఇస్తారా? హెచ్ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. ‘ఇప్పుడే ఇన్ని అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో’ అని భయం వద్దు. మర్యాదగా అడిగే ప్రశ్నకు ఎవరూ ఆఫర్ వెనక్కి తీసుకోరు.

అన్నట్టు, అర్ధరాత్రి రెండింటికి డ్యూటీ ఉంటే అబ్దుల్లాపూర్‌మెట్ దాకా క్యాబ్ పంపిస్తారా, లేక ఎల్బీనగర్ దాకా మీరే రావాలా అన్నదీ అప్పుడే అడగండి. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే శంషాబాద్ సూటిగా దారే. కానీ పికప్‌కు ఎయిర్‌లైన్ పెట్టుకున్న హద్దు మ్యాప్‌లో ఎక్కడ ఆగుతుందో మీకు తెలియదు.

ఇన్‌స్టిట్యూట్ ఫీజు సంగతి. క్యాబిన్ క్రూ కావడానికి ఏ ప్రైవేటు డిప్లొమా తప్పనిసరి కాదు. ఎంపికయ్యాక అత్యవసర భద్రత, ప్రథమ చికిత్స, ప్రమాదకర వస్తువులు, సెక్యూరిటీ లాంటి అసలు ట్రైనింగ్ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఎయిర్‌లైనే ఇప్పిస్తుంది. ఇంగ్లిష్‌కూ ఇంటర్వ్యూకూ సాయం కావాలనుకుంటే చేరండి, తప్పులేదు. ఇంట్లో పొలం తాకట్టు పెట్టి మాత్రం వద్దు.

చేరినవాళ్లు ఒక పని చేయండి. చాలాచోట్ల విమానం క్యాబిన్ నమూనా ఒకటి ఉంటుంది. నాలుగు వరుసల సీట్లు, ఒక ట్రాలీ, ఫొటోలు దిగడానికి ఒక కిటికీ. మన పక్కనే ఫిల్మ్‌సిటీలో ఉన్న ఎయిర్‌పోర్ట్ సెట్ లాగే అదీ కదలదు. అయినా ఫర్వాలేదు. ఫ్రెండ్‌ను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ‘టింగ్’ అనమనండి. మీ చేతిలో నీళ్ల జగ్గు ఉండాలి. జగ్గు కింద పెట్టి, బ్రేకు తొక్కి, నేల మీద కూర్చుని సీటు కాలు పట్టుకునే సరికి ఎన్ని సెకన్లయిందో చూసుకోండి. మొదటిసారి ఎనిమిది దాటుతుంది, నవ్వొస్తుంది. నవ్వడం అయ్యాక మళ్లీ చేయండి.